ఆ సందు పోయిందని బాధపడే హక్కు నాకుందా?

ప్రశ్న: ఆఫీసు పని మీద 2006లో మొదటిసారి బీజింగ్ వెళ్లాను. హుటోంగ్ అంటారే, అక్కడి పాత సందులు, వాటిలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాను. పొద్దున్నే లేచి ఆ సందుల్లో తిరగడమే నా పని. బూడిద రంగు ఇటుక గోడలు, సైకిల్ గంటలు, గుమ్మాల ముందు పొట్టి స్టూళ్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే ముసలివాళ్లు. ఒక పెద్దావిడ రోజూ నన్ను చూసి నవ్వేది. తిరిగి వచ్చే రోజు ఆవిడను గుమ్మంలో నిలబెట్టి ఫొటో తీసుకున్నాను.

మొన్న మళ్లీ వెళ్లాను. ఆ సందు లేదు. అక్కడ పెద్ద మాల్ లేచింది. దాని ముందు గోడకు బూడిద రంగు ఇటుకలు అతికించి పాత ఇల్లులా చేశారు. కాళ్లలో సత్తువ పోయినట్టయింది. సాయంత్రం అక్కడి సహోద్యోగితో ఈ మాటే అన్నాను. అతను కాసేపు ఊరుకుని, "మా అమ్మ అలాంటి సందులోనే నలభై ఏళ్లు ఉంది. కొత్త ఫ్లాట్‌లో మొదటి రాత్రి బాత్‌రూమ్ లైటు నాలుగుసార్లు వేసి, ఆర్పి చూసుకుంది" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఆ రోజు ఎండ మండిపోతుంటే ఆ మాల్‌లోనే ఏసీలో కూర్చుని గంటసేపు కాఫీ తాగాను. వెళ్లిందీ వచ్చిందీ మెట్రోలోనే. మరి నేను దేనికి బాధపడుతున్నట్టు? అక్కడ ఒక్కరోజు కూడా కాపురం చేయనివాడికి ఆ హక్కుందా? పాత పేటలు చూడటానికి ఇక వెళ్లొచ్చా, మానేయాలా?

(పేరు వేయవద్దని కోరిన పాఠకుడు)

జవాబు: ముందు ఆ కాఫీ సంగతి తేల్చేద్దాం. ఉత్తరం చివర్లో రెండు ముక్కల్లో చెప్పి తప్పించుకున్నారు గానీ, మీకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంటున్నది అదేనని నాకనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సహోద్యోగి తన అమ్మ గురించి చెప్పిన మాటను మీరు మీ మీద కేసులా తీసుకున్నారు. అతను మిమ్మల్ని ఏమీ అనలేదు. ఎండకు ఏసీలోకి వెళ్లడమూ నేరం కాదు. మీ ఫొటోలోని పెద్దావిడే ఆ రోజు అక్కడ ఉండి ఉంటే, మాల్ బయట నిలబడి పాత రోజులు తలుచుకునేది కాదు. శుభ్రంగా లోపలికెళ్లి కూర్చునేది.

బాధపడొచ్చా అంటే, పడొచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాకపోతే మీరు దేన్ని పోగొట్టుకున్నారో ఒకసారి సరిచూసుకోవాలి. ఎందుకంటే మీరు 2006లో చూసినదానికీ, అక్కడ నిజంగా ఉన్నదానికీ కొంచెం తేడా ఉంది.

ఆ ఇళ్లను సిహెయువాన్ అంటారు. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, వీధిలోకి ఒకటే గుమ్మం. కట్టినప్పుడు ఒక్కో ఇల్లు ఒక్కో కుటుంబం కోసం కట్టారు. ఇరవయ్యో శతాబ్దం సగం దాటాక లెక్క మారింది. గదికో కుటుంబం చొప్పున చేరి, ఒకే వాకిలి చుట్టూ ఎన్నో సంసారాలు సర్దుకున్నాయి. అలాంటి ఇంటికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు దాజాయువాన్. కలగాపులగపు లోగిలి అనుకోండి. దాని మీద 1976 జులైలో తాంగ్‌షాన్ భూకంపం వచ్చింది. బీజింగ్ కూడా గట్టిగానే ఊగింది. జనం ఇళ్లలో పడుకోవడానికి భయపడి వాకిళ్లలో, సందుల్లో పాకలు వేసుకున్నారు. కొన్నాళ్లకు భయం పోయింది గానీ పాకలు పోలేదు. ఇటుక మీద ఇటుక పేర్చి ఒకరు వంటిల్లు చేసుకున్నారు, ఇంకొకరు పెళ్లయిన కొడుక్కి గది చేసుకున్నారు. చూస్తుండగానే వాకిలి నిండిపోయి, మనిషి ఒకవైపుకి ఒరిగి నడిచేంత దారి మిగిలింది.

దీన్ని ఎందుకింత సాగదీస్తున్నానంటే, బయటినుంచి వెళ్లినవాళ్లు "ఎన్ని వందల ఏళ్ల నాటిదో" అని ముచ్చటపడి ఫొటో తీసే ఆ ఇరుకు దారి చాలా ఇళ్లలో నలభై, యాభై ఏళ్ల కిందటిది. మరీ పాతవైన సందులు, పదమూడో శతాబ్దంలో మంగోల్ చక్రవర్తి కుబ్లయ్ ఖాన్ ఇప్పటి బీజింగ్ ఉన్నచోటే తన రాజధాని దాదును కట్టించినప్పటి వరసలో ఉన్నవి, దారం పట్టి గీసినంత తిన్నగా ఉంటాయి. వాకిళ్లలో మనకు అందంగా కనిపించిన ఆ ఇరుకు వంకరలు ఇల్లు చాలక జనం పడ్డ అవస్థ తాలూకు గుర్తులు.

ఇక రాత్రి సంగతి. ఆ ఇళ్లలో చాలావాటికి లోపల మరుగుదొడ్డి లేదు. సందు మలుపులో అందరికీ కలిపి ఒకటి. జనవరిలో బీజింగ్‌లో రాత్రి సున్నా కంటే ఎనిమిది, పది డిగ్రీలు కిందికి పోతుంది. డెబ్భై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, అర్ధరాత్రి మెలకువ వచ్చింది. లేవాలి, లావుపాటి కోటు తొడుక్కోవాలి, బూట్లు వెతుక్కోవాలి, జారే నేల మీద గోడ పట్టుకుని మలుపు దాకా నడవాలి. అంత ఓపిక లేనివాళ్లకు మంచం కింద మూత బకెట్టు. తెల్లారాక దాన్ని మోసుకెళ్లి పారబోసి, కడిగి తెచ్చుకోవాలి. గది వెచ్చగా ఉండాలంటే తేనెపట్టులా చిల్లులుండే బొగ్గు దిమ్మెలు పొయ్యిలో వేయాలి. కిటికీ బిగించుకుంటే పొగతో ప్రాణభయం, తీస్తే చలి. పిల్లలు చదువుకునేదీ, ముసలివాళ్లు దగ్గేదీ ఆ ఒక్క గదిలోనే. మీ గెస్ట్‌హౌస్‌లో గదికో బాత్‌రూమ్, హీటరు ఉండే ఉంటాయి. మీరు ఆ సందును పొద్దుటిపూట చూశారు. మీ సహోద్యోగి వాళ్ల అమ్మ అలాంటి సందును నలభై చలికాలాలు చూసింది. లైటు నాలుగుసార్లు వేసి చూసుకుందంటే నాకేమీ వింతగా లేదు. నేనైతే పదిసార్లు వేసేవాణ్ని.

అలాగని "చూశారా, మాలే మేలు" అని ఉత్తరం మడిచి పెట్టేస్తే అదీ అబద్ధమే అవుతుంది.

కూల్చబోయే ఇంటి గోడ మీద తెల్లరంగుతో సున్నా చుట్టి, అందులో ఒక అక్షరం రాసేవాళ్లు. దాన్ని చాయ్ అని పలుకుతారు. మన చాయ్ కాదు, కూల్చడం అని అర్థం. 2008 ఒలింపిక్స్‌కు ముందు ఏళ్లలో బీజింగ్ వెళ్లినవాళ్లకు ఆ అక్షరం తెలియకుండా ఉండదు. మీరు వెళ్లింది సరిగ్గా అప్పుడే. పాత ఫొటోలు తిరగేయండి, ఏదో గోడ మూల కనిపించినా కనిపిస్తుంది. గోడ మీద అది పడిన ఇంట్లోవాళ్లు ఇష్టపడి వెళ్లారా, లెక్క కుదరక కొట్లాడారా, చేసేదిలేక సంతకం పెట్టారా అన్నది ఇంటింటికీ ఒక కథ. ఊరి నడిబొడ్డున ఉన్నవాళ్లలో చాలామందికి కొత్త ఇల్లు దొరికింది ఊరి చివరన, రింగు రోడ్ల అవతల. నీళ్లు, గ్యాసు, బాత్‌రూమ్ వచ్చాయి. నడిచి వెళ్లే ఆసుపత్రి, ముప్పై ఏళ్లుగా తెలిసిన డాక్టరు, తాళంచెవి ఇచ్చి వెళ్లగలిగిన పక్కింటివాళ్లు పోయారు. లిఫ్ట్ ఎక్కి పద్నాలుగో అంతస్తుకు వెళ్లాక, గుమ్మం ముందు స్టూలు వేసుకుంటే ఎదురుగా కనిపించేది ఇంకో మూసిన తలుపు.

ఈసారి సహోద్యోగి కలిస్తే వాదన వద్దు గానీ ఒక్కటి అడగండి. అమ్మ ఇప్పుడు పొద్దున్నే ఎవరితో మాట్లాడుతోంది? ఆవిడకు బాత్‌రూమ్ అంటే ఎంత ఇష్టమో, ఆ స్టూళ్ల మీది కబుర్లంటే అంత బెంగ ఉండొచ్చు. నేను చూసినంతలో ఇల్లు మారిన పెద్దవాళ్లు చాలామంది ఇలాగే ఉంటారు. "వెనక్కి పోతావా?" అంటే చస్తే పోనంటారు, ఆ వెంటనే పాత వీధి గురించి గంట మాట్లాడతారు. అంటే మీకొచ్చిన ఈ రెండు మనసుల గొడవ టూరిస్టు జబ్బేమీ కాదు. అక్కడ బతికినవాళ్లకూ ఉంది.

అసలు "పాతది ఉంచాలా, కొత్తది కట్టాలా" అన్న పేచీలోనే ఒక మోసం ఉంది. లియాంగ్ సిచెంగ్ అని చైనాలో పెద్ద ఆర్కిటెక్ట్, ఆ దేశపు పాత కట్టడాలను ఊరూరా తిరిగి కొలిచి రాసుకున్న మనిషి. 1950లో ఆయన, చెన్ జాన్‌షియాంగ్ అనే మరో ప్రణాళికా నిపుణుడు కలిసి ప్రభుత్వానికి ఒక సలహా రాసిచ్చారు. కొత్త రాజధానికి ఆఫీసులు కావాలి, నిజమే. వాటిని పాత నగరానికి పడమర వైపు ఖాళీ నేలలో కట్టండి, పాత నగరాన్ని దాని మానాన ఉండనివ్వండి అని. చూశారా, ఆయన కొత్తది వద్దనలేదు. దానికి వేరే చోటు చూపించాడు. ఆ సలహా చెల్లలేదు. ఆఫీసులు పాత నగరంలోకే వచ్చాయి. ఆ తర్వాత ఏళ్లలో నగరం చుట్టూ ఉన్న కోటగోడ పోయింది, చాలా ద్వారాలూ పోయాయి.

ఇప్పుడు మీ మెట్రో సంగతి చెప్తాను. బీజింగ్‌లో రెండో లైను ఎక్కే ఉంటారు, నగరం నడుమ గుండ్రంగా తిరుగుతుంది. అది పోయేది చాలామేరకు ఆ కోటగోడ ఉన్న చోటు కిందుగానే. స్టేషన్ల పేర్లు గుర్తు తెచ్చుకోండి. షీజ్‌మెన్, దోంగ్‌జ్‌మెన్, చావోయాంగ్‌మెన్, ఫుచెంగ్‌మెన్. మెన్ అంటే ద్వారం. రైల్లో వరసగా ద్వారాల పేర్లు చదువుతారు, పైకొచ్చి చూస్తే ద్వారం ఉండదు, ఫ్లైఓవర్ ఉంటుంది. మీరు హాయిగా కూర్చుని వచ్చిన ఆ రైలూ, మీరు బాధపడిన ఆ కూల్చివేతా ఒకే కథలో ముక్కలు. మెట్రో ఎక్కినందుకు సిగ్గుపడమని కాదు. గోడను ఉంచాలని అడిగినవాళ్లు అప్పుడే ఉన్నారు. అడిగినా వినలేదు, అంతే. లియాంగ్, ఆయన భార్య లిన్ హుయిన్ (ఆవిడా ఆర్కిటెక్టే) ఒకప్పుడు కాపురమున్న బీజింగ్ ఇల్లు 2012 జనవరిలో నేలమట్టమైంది. దాన్ని కాపాడాలని పత్రికలు, చరిత్రకారులు అప్పటికే ఎంతో గోల చేశారు.

కాబట్టి ఇంకో పాత పేట పోయిందని విన్నప్పుడు నేను ముందుగా వెతికేది రెండే. అక్కడున్నవాళ్లను అడిగారా? వాళ్లిప్పుడు ఎక్కడున్నారు? గోడలెంత పాతవి అన్నది ఆ తర్వాత. ఈ లెక్కన చూస్తే మీకు ఆ మాల్ ముందున్న బూడిద రంగు ఇటుకలు ఎందుకు అంత ఎబ్బెట్టుగా అనిపించాయో అర్థమవుతుంది. మనుషుల్ని పంపించేసి వాళ్ల ఇంటి చొక్కా మాత్రం తొడుక్కున్నట్టుంది. నా మటుకు నాకు అద్దాల మాలే నయం, కనీసం వేషం వేయదు. బీజింగ్‌లోనే ఛియాన్‌మెన్ వీధిని ఒలింపిక్స్ నాటికి ఇలా పాత రూపంలో కొత్తగా కట్టి 2008 ఆగస్టులో తెరిచారు. ఒకసారి నడిచి చూడండి, మీకే తెలుస్తుంది.

అయితే కొత్త ఇటుకలతో కట్టిందల్లా వేషం కాదు. పోలండ్‌లో వార్సా పాతబస్తీ 1944లో దాదాపు పూర్తిగా నేలకూలింది. తిరుగుబాటు చేసినందుకు జర్మన్ సైన్యం పగబట్టి పేల్చేసింది. యుద్ధం తర్వాత ఆ ఊరివాళ్లు పద్దెనిమిదో శతాబ్దంలో బెర్నార్డో బెలొట్టో గీసిన నగర చిత్రాలను కూడా ముందు పెట్టుకుని, వీధి వీధీ మళ్లీ కట్టుకున్నారు. యునెస్కో 1980లో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఇటుకలు మీ వయసు కంటే మరీ పెద్దవేం కావు. దాన్ని దొంగ పాతబస్తీ అనడానికి మాత్రం నాకు నోరు రాదు. పోగొట్టుకున్నవాళ్లే తమ కోసం కట్టుకున్నారు మరి. పారిస్ కథ ఇంకా తమాషా. ఇప్పుడు అందరూ పాత పారిస్ అని మురిసిపోయే ఆ వెడల్పాటి వీధులు, ఒకే ఎత్తు మేడలు 1853 నుంచి 1870 దాకా ఓస్మాన్ అనే నగరాధికారి అసలు పాత పేటల్ని పడగొట్టించి వేయించినవి. అప్పటి జనం వాటిని చూసి మీలాగే కడుపు మండించుకున్నారు.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అడగకపోయినా చెప్తాను. కొంచెం చేదుగా ఉంటుంది. పాత పేటను బుల్‌డోజరే కాదు, మన ఇష్టం కూడా ఖాళీ చేయిస్తుంది. బీజింగ్‌లో నాన్‌లువోగుషియాంగ్ అని ఒక సందు. కిలోమీటరు కూడా ఉండదు. కూల్చలేదు, కాపాడారు. కాపాడారని తెలిసి జనం వచ్చారు, వచ్చారు, వస్తూనే ఉన్నారు. రెండు పక్కలా కొట్లే. చివరికి 2016లో ఆ సందుకున్న పర్యాటక హోదాను అక్కడివాళ్లే వదులుకుని, టూర్ గ్రూపులను రానివ్వడం ఆపేశారు. బార్సిలోనాలో ఇళ్లద్దెలు ఊరివాళ్లకు అందకుండా పోతున్నాయని, టూరిస్టులకు ఫ్లాట్లు అద్దెకిచ్చే పదివేలకు పైగా లైసెన్సుల్ని 2028 నవంబరు తర్వాత పొడిగించబోమని అక్కడి మేయర్ 2024లో ప్రకటించారు. మీరు దిగిన ఆ చిన్న గెస్ట్‌హౌస్ కూడా ఒకప్పుడు ఎవరి గదో, ఎందరి గదులో. మీరు చేసిన తప్పు అని కాదు. బాధ లెక్క రాసుకునేటప్పుడు ఈ పద్దు కూడా వేసుకోవాలి.

అందుకని వెళ్లడం మానేయాలా? వద్దు. మానేస్తే ఆ సందులకు ఒరిగేదేమీ లేదు, మీకూ ఒరిగేదేమీ లేదు. వెళ్లండి. బస మాత్రం హోటల్‌గా కట్టిన హోటల్‌లో తీసుకోండి, జనం కాపురాలుండే ఇంట్లో గది ఖాళీ చేయించి ఇచ్చేచోట వద్దు. వాకిట్లోకి తొంగిచూసే ముందు అది ఎవరో ఇంట్లో స్నానం చేసి తల ఆరబెట్టుకునే చోటని గుర్తుంచుకోండి. "అయ్యో, ఎంత అందంగా ఉందో, మార్చకండి" అని అక్కడివాళ్లతో అనకండి. నేనూ ఒకసారి ఈ మాట అనేశాను. ఒక పాత మేడకు బయటి గోడ వెంట కొత్తగా లిఫ్ట్ బిగిస్తుంటే, రూపం పాడైపోతోందని అక్కడే నిలబడి నసిగాను. నా పక్కన చేతికర్రతో నిలబడ్డ పెద్దాయన, "మీ గది ఎన్నో అంతస్తు?" అని అడిగాడు. నాకు గదే లేదు, సాయంత్రం రైలుంది.

ఈసారి బీజింగ్ వెళ్తే చూడాల్సింది ఇంకొకటి కూడా ఉంది. 2017లో ఆమోదించిన నగర ప్రణాళిక పాత నగరంలో ఇక కూల్చివేతలు వద్దంది. 2019 నుంచి కొన్ని పేటల్లో వేరే పద్ధతి మొదలుపెట్టారు. పోవాలనుకున్న కుటుంబం దరఖాస్తు పెట్టుకుని, పరిహారం తీసుకుని ఖాళీ చేయొచ్చు. ఉండాలనుకున్నవాళ్లు ఉండొచ్చు. ఖాళీ అయిన గదులతో ఇరుకు తగ్గుతుంది, వాకిలి కాస్త తెరుచుకుంటుంది, పైపులు వేయడానికి చోటొస్తుంది. ఇదేదో స్వర్గమని నేననడం లేదు. ఖాళీ అయిన గదులు చివరికి కాఫీ షాపులు అవుతాయా, కాపురాలు అవుతాయా అన్నదాని మీద ఉంది కథంతా. అయినా బాత్‌రూమ్‌కీ పక్కింటివాళ్లకీ మధ్య ఏదో ఒకటే ఎంచుకోమని అనకుండా ఉండటం కొంచెం నయం కదా. మీ సహోద్యోగిని వెంటబెట్టుకుని అలాంటి సందు ఒకటి చూసి రండి.

చివరగా ఆ ఫొటో. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది అదే. మీరేమో దాన్ని తలుచుకుని కుమిలిపోవడానికి మాత్రమే వాడుకుంటున్నారు. పారిస్‌లో వీధులు పడగొట్టే ముందు 1860లలో నగరపాలకులే షార్ల్ మార్విల్ అనే ఫొటోగ్రాఫర్‌ను పెట్టి వాటిని తీయించారు. ఆ వీధుల్లో చాలావాటికి ఇప్పుడు ఆ ఫొటోలే మిగిలాయి. మీ సందును అలా ఎవరైనా తీయించి ఉంటారో లేదో, మీ దగ్గరైతే ఒకటుంది. దాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి. ఆ గుమ్మాల పక్కన చిన్న ఎర్ర పలక ఉంటుంది, దాని మీద తెల్ల అక్షరాలతో సందు పేరు, ఇంటి నంబరు. పెద్దావిడ భుజం వెనక అది కాస్తయినా పడిందేమో వెతకండి. పడితే సహోద్యోగికి పంపి చదివించండి, తీసిన నెల, ఏడాది రాసి పెట్టండి. పడకపోయినా పంపండి. ఆ ఫొటోను వాళ్ల అమ్మకు చూపించమనండి. ఆవిడ అది చూసి ముందు ఏమంటుందో, మనిషి గురించి మాట్లాడుతుందో గోడ గురించి మాట్లాడుతుందో, నాక్కూడా ఒక ముక్క రాయండి.